మీటరు ఎవరి చేతిలో ఉండాలి?

కరెంటు, నీళ్లు, ప్రాజెక్టులు. ఈ మూడింటి లెక్కల మధ్యే ఉద్యోగ జీవితం గడిపిన ఆర్థికవేత్తలు మన రెండు రాష్ట్రాల్లో ఒక తరం ఉన్నారు. మొదట సాగునీటి ప్రాజెక్టుల లాభవ్యయాలు చూశారు. 1990ల చివర్లో కరెంటు సంస్కరణల్లోకి వచ్చారు. ఆ తర్వాత భూగర్భ జలాలు, వాతావరణం వైపు మళ్లారు. వాళ్లు వేసిన అంకెల మీద ఛార్జీలు పెరిగాయి, ఆనకట్టలు లేచాయి. ఆ అంకెల అవతల బతికిన వాళ్లకు మాత్రం వాళ్లను నిలదీసే అవకాశం పెద్దగా దొరకలేదు. అందుకే ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మామ అలాంటి ఆర్థికవేత్త, ఈమధ్యే రిటైరయ్యాడు. మేనకోడలు అనంతపురం జిల్లాలో బోరు మీద చీనీ తోట, వేరుశనగ సాగు చేస్తోంది. మనుషులు కల్పితం. వాళ్ల నోట వచ్చే చరిత్ర, లెక్కలు మాత్రం కల్పితం కావు.

మేనకోడలు: పొలంలో స్టార్టరు డబ్బా పక్కన ఇంకో డబ్బా బిగిస్తామని ఆమధ్య మనుషులొచ్చారు మామా. స్మార్టు మీటరంట. వద్దని పంపించేశాం.

మామ: ఎందుకమ్మా? బిల్లు ప్రభుత్వమే కడుతుందన్నారు కదా.

మేనకోడలు: ఇవాళ కడుతుంది. డబ్బా అంటూ ఉన్నాక రేపు అది నా పేరున తిరగదని ఎవరు పూచీ? నువ్వుంటావా?

మామ: నేనుండలేను. కానీ ఆ డబ్బా లేకపోవడం వల్ల ఏం జరిగిందో మాత్రం చెప్పగలను, నా సర్వీసంతా చూసింది అదే. 1980ల మొదట్లో మీటర్లు పక్కనబెట్టి హార్స్‌పవర్ లెక్కన స్లాబు రేటు పెట్టారు. ఎన్‌టీఆర్ కాలంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి యాభై రూపాయలు. మోటారు గంట తిరిగినా, పది గంటలు తిరిగినా అంతే. 2004 మే 14న వైఎస్ తొలి సంతకంతో ఆ కాస్త కూడా పోయింది. ఇప్పుడు నీ అయిదు హార్స్‌పవర్ మోటారు చూడు. ఏడు గంటలు తిరిగితే ఇరవై ఆరు యూనిట్లు. యూనిట్ సరఫరాకు ఏడు రూపాయలు అవుతుందనుకో, రోజుకు నూట ఎనభై పైన. ఏడాదిలో రెండొందల రోజులు వేసుకుంటే ముప్పై ఆరు వేలు దాటుతుంది. ఆ సంగతి నీకూ తెలియదు, నీ ఊరి లైన్‌మన్‌కూ తెలియదు. కరెంటు పంచే డిస్కంకు కూడా కచ్చితంగా తెలియదు. తెలియని ఖర్చును ఎవరైనా ఎలా అదుపు చేస్తారు?

మేనకోడలు: తెలియకపోవడం వల్ల లాభపడింది నేనేనా? కొలత లేని చోట ఎంతైనా రాసుకోవచ్చు మామా. సంస్కరణలకు ముందు కరెంటు బోర్డు కాగితాల్లో నష్టాలు ఇరవై శాతం లోపే ఉండేవి. సరిగ్గా లెక్క తీసేసరికి ముప్పై దాటాయి. ఆ తేడా అంతకుముందు ఎక్కడుంది? రైతు వాడకం ఖాతాలో! పాత తీగల నష్టం, పట్టణంలో కొక్కెం వేసిన కరెంటు, ఫ్యాక్టరీలో తిప్పేసిన మీటరు, అన్నీ మా బోరు నెత్తిన పడ్డాయి. ‘రైతులే రాష్ట్రాన్ని ముంచారు’ అని పేపర్లలో రాసిన రోజుల్లో ఆ కరెంటులో కొంత మా పొలం మొహమే చూడలేదు.

మామ: ఒప్పుకుంటాను. కాకపోతే ఆ దొంగలెక్క బయటపెట్టింది నాలాంటి వాళ్లే. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ నమూనాను బట్టి రైతు వాడకం ఎంతో కట్టాం. అది అంతకుముందు చెప్పిన దానికంటే తక్కువని తేలింది. మీటరు మొదట కాపాడింది రైతు పరువునే.

మేనకోడలు: పరువు కాపాడి ఛార్జీ పెంచారు.

మామ: పెంచాం. ఎందుకో చెప్పనీ. ఒడిశా 1996లో దారి తీసింది, మన సంస్కరణల చట్టం 1998లో వచ్చింది. 1999 ఫిబ్రవరి 1న బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడదీశారు. వెనక ప్రపంచ బ్యాంకు అప్పు ఉంది. నియంత్రణ మండలి కొత్తగా వచ్చి, ఎవరు ఎంత కట్టాలో బహిరంగంగా విచారించింది. అంతకుముందు ఆ నిర్ణయాలు తలుపులు మూసుకుని జరిగేవి. బోర్డు అప్పుల్లో కూరుకుపోయింది, ఫ్యాక్టరీల మీద మోపిన భారం తట్టుకోలేక వాళ్లు సొంత జనరేటర్లు పెట్టుకుంటున్నారు. మంచి వినియోగదారుడు పోతే మిగిలిన వాళ్ల మీద భారం ఇంకా పెరుగుతుంది. ఆ వలయం తెంచాలనే చూశాం.

మేనకోడలు: తెంచబోతే ఏమైంది? 2000 ఆగస్టు 28, బషీర్‌బాగ్. ఛార్జీలు తగ్గించమని అడగడానికొచ్చిన జనం మీద కాల్పులు. ముగ్గురు పోయారు. మీ పట్టికల్లో ఆ ముగ్గురికి ఏ వరుస కేటాయించారు?

మామ: ఏ వరుసా లేదు. ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరూ మాట్లాడుకోలేదు. ఛార్జీ ఒక్కసారిగా పెంచితే ఎవరి ఇంట్లో ఏం ఆగిపోతుందో అన్న ప్రశ్న మా నమూనాలో లేకుండా పోయింది. ఆ మాట ఎక్కడైనా అంటాను. కానీ నాలుగేళ్లకు దానికి జవాబుగా వచ్చింది ఏమిటి? అసలు ధరే వద్దన్నారు. ఒక అతి నుంచి ఇంకో అతికి దూకాం. మధ్యలో ఆగి ఆలోచించే చోటు లేకుండా పోయింది.

మేనకోడలు: ఉచితం అతి ఎలా అవుతుంది? కృష్ణా డెల్టాలో కాలువ గట్టున పొలమున్న వాడి సంగతి చూద్దాం. ఆనకట్ట కట్టింది ప్రభుత్వం, కాలువ తవ్వింది ప్రభుత్వం. మాగాణి మొదటి పంటకు నీటి తీరువా ఎకరాకు రెండొందలు. అదీ వసూలైతే! ఇక్కడ సగటు వాన 550 మిల్లీమీటర్లు. కాలువ లేదు. బోరు నేనే వేయాలి. రిగ్గు వాడికి అడుగుల లెక్కన నేనే కట్టాలి. కేసింగు, పైపు, మోటారు, కేబులు అన్నీ నావే. ముందు వేసిన బోర్లలో తెల్లటి రాతిపొడే లేచింది. పొడి ముద్దగా మారుతుందేమోనని రాత్రంతా రిగ్గు పక్కన నిలబడి చూశాం. ముద్దవలేదు. అయినా రిగ్గు వాడు అడుగుకు ఇంతని తీసుకునే పోతాడు. ఈ మొత్తం మౌలిక సదుపాయం నా అప్పు మీద నిలబడింది. కరెంటొక్కటే ప్రభుత్వం నాకిచ్చింది. దాన్ని ‘సబ్సిడీ’ అంటారు, డెల్టా కాలువను మాత్రం ‘అభివృద్ధి’ అంటారు!

ఇక్కడ ఆమె వైపు నిలబడకుండా ఉండలేను. కాలువకు పెట్టిన పెట్టుబడి బడ్జెట్లో మూలధన వ్యయం కింద పోతుంది. బోరుకిచ్చే కరెంటు ఏటా రాయితీ పద్దు కింద కనిపిస్తుంది. ఒకటి కట్టిన ఏడాది తర్వాత కళ్లకు కనబడదు, రెండోది ప్రతి మార్చిలో పేపరు మొదటి పేజీకెక్కుతుంది. మెట్ట రైతుకు జరిగిన అన్యాయంలో పెద్ద భాగం ఈ పద్దుల అమరికలోనే ఉంది.

మామ: పోలిక సరైనదే. ప్రాజెక్టుల ఫైళ్లు చూసిన వాడిగా ఇంకో మాట కూడా కలుపుతాను. సాగునీటి ప్రాజెక్టుకు ఒక రూపాయి ఖర్చుకు రూపాయిన్నర లాభం చూపాలని మామూలు నియమం. కరువు ప్రాంతాలకు ఆ గీత ఇంకా కింద ఉంటుంది. గీత ఎక్కడుందో తెలిసినప్పుడు అంకె ఆ గీత దాకా నడిచి వస్తుంది. కాళేశ్వరం ఎత్తిపోతల లెక్కలో లాభవ్యయ నిష్పత్తి 1.51 అని చూపారు. గీత 1.5, అంకె 1.51! 2024లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో అదే నిష్పత్తి 0.52. రూపాయి పెడితే యాభై రెండు పైసలు. అందులోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగింది 2023 అక్టోబరులో, కానీ కాగితం అంతకు చాలా ముందే కుంగింది.

మేనకోడలు: అక్కడ నీళ్లు ఎత్తడానికయ్యే కరెంటు ఏ రైతు పేరునా రాయరు. మా హంద్రీ-నీవా ఎత్తిపోతలలోనూ శ్రీశైలం నీళ్లు మెట్టు మెట్టుగా ఎత్తుతున్నారు. పెద్ద పంపుకు మీటరు ఉంటుంది, బిల్లు ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తిరుగుతుంది. నా అయిదు హార్స్‌పవర్ దగ్గరికి వచ్చేసరికే మీ అందరికీ ఆర్థిక శాస్త్రం గుర్తొస్తుంది.

మామ: ఆ మాట నాకు తగలదు. ఎత్తిపోతల లెక్కలు అడిగినందుకే నా ఫైళ్లు వేరే బల్ల మీదికి మారాయి. సరే, డబ్బు సంగతి పక్కనపెట్టు. ప్రభుత్వ ఖజానా ఎప్పటికైనా నిండుతుంది. నీ కాళ్ల కింది నీళ్లు మళ్లీ వస్తాయా? మీది గ్రానైటు నేల. అక్కడ నీళ్లుండేది రాతి పగుళ్లలో. ఇసుక నేలలోలా లోతుకు పోయేకొద్దీ దొరకవు. నీ పక్క పొలం వాడు నీకంటే లోతుగా దించితే నీ బోరు ఎండుతుంది. నువ్వు ఇంకా దించుతావు. ఇద్దరూ అప్పు చేసి ఒకే గిన్నెలోకి పొడవాటి గొట్టాలు వేస్తున్నారు. ధర లేని కరెంటు ఆ గొట్టాన్ని రోజంతా పీల్చనిస్తుంది.

మేనకోడలు: కరెంటు రోజంతా ఎక్కడుంది? పగలు తొమ్మిది గంటలు.

మామ: ఆ తొమ్మిది గంటలూ మోటారు ఆగదు కదా. ఆటో స్టార్టరు పెట్టి ఉంచుతారు. కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, ఓల్టేజి పడిపోతుంది, వైండింగు కాలుతుంది, ట్రాన్స్‌ఫార్మరు పేలుతుంది. ట్రాక్టరు మీద దాన్ని వేసుకుపోయేది మళ్లీ మీరే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇంకో లెక్క విను. మూడొందల అడుగుల నుంచి వెయ్యి లీటర్లు పైకి తేవడానికి మన మోటార్లతో ముప్పావు యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా కాలుతుంది. కిలో ధాన్యానికి రెండున్నర వేల లీటర్లు. రబీలో వాన తోడుండదు కాబట్టి దాదాపు అంతా బోరుదే. అంటే కిలో వడ్లకు సుమారు రెండు యూనిట్లు. ఏడు రూపాయల లెక్కన పద్నాలుగు రూపాయల కరెంటు. 2024–25లో కిలో వడ్లకు మద్దతు ధర ఇరవై మూడు రూపాయలు! బోరు కింద వరి వేయడం అంటే కరెంటును, భూమిలోని నీటిని కలిపి బస్తాల్లో కట్టి అమ్మడమే.

మేనకోడలు: మా ఊళ్లో బోరు కింద వరి మానేసి చాలా ఏళ్లయింది. ఎవరో ధర పెట్టారని మానలేదు, మేమే కొలుచుకున్నాం కాబట్టి మానాం. 2003 తర్వాత ఏడు కరువు జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భ జలాల కార్యక్రమం ఒకటుంది, గుర్తుందా? ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. ఆరువందలకు పైగా పల్లెల్లో ఆడవాళ్లు, మగవాళ్లు తాడుకు కట్టిన పరికరాన్ని బోర్లలోకి దించి నీటిమట్టం చూసేవాళ్లు. వానమాపకంలో నీళ్లు కొలిచేవాళ్లు. రబీకి ముందు అందరం కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, ఎవరు ఏ పంట వేస్తే ఎన్ని కావాలి అని గోడ మీద రాసేవాళ్లం. తక్కువ పడితే ఎవరికి వాళ్లే పంట మార్చుకునేవాళ్లు. ఏ అధికారీ చెప్పలేదు, ఏ బిల్లూ రాలేదు. నేను నీటి లెక్క నేర్చుకుంది ఆ గోడ దగ్గరే.

మామ: ఆ కార్యక్రమం నివేదికలు చదివాను, ఊళ్లకూ వచ్చాను. దాని మీద గౌరవముంది. కానీ ప్రాజెక్టు డబ్బులు ఆగాక ఎన్ని ఊళ్లలో ఆ గోడ మీద అంకెలు మారుతున్నాయి?

మేనకోడలు: చాలా చోట్ల మారడం లేదు. మా ఊళ్లోనూ సున్నం కొట్టేశారు.

మామ: నా భయం అదే. మంచితనం మీద నడిచే ఏర్పాటు, దాన్ని నడిపే మనిషి ఊరు విడిచిపోతే ఆగిపోతుంది. 2002లో వాల్టా చట్టం తెచ్చాం, బోరు వేయాలంటే అనుమతి కావాలన్నాం. రాత్రిపూట రిగ్గులు తిరుగుతూనే ఉన్నాయి. చట్టం ఆపలేదు, ఊరి కట్టుబాటు ఎక్కువ కాలం నిలవలేదు. ధర మాత్రం ఎవరూ గుర్తుచేయకుండా రోజూ పనిచేస్తుంది.

మేనకోడలు: రోజూ పనిచేస్తుంది, ముందుగా నా మీదే పనిచేస్తుంది. చీనీ చెట్టు ఏడాది పంట కాదు మామా. పదేళ్లు పెంచిన చెట్లు ఎండుతుంటే అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్లు పోసిన వాళ్లం. యూనిట్‌కు రూపాయి పెట్టినా, అయిదు పెట్టినా చెట్టు చావకుండా పోస్తాం. డబ్బున్న వాడు పోస్తూనే ఉంటాడు, లేనివాడు మోటారు ఆపేస్తాడు. నీ ధర నీళ్లు మిగల్చదు, చిన్న రైతును తప్పిస్తుంది.

మామ దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. ఆర్థిక శాస్త్రంలో దీనికి జవాబు లేకపోలేదు: రాయితీని యూనిట్లకు కాకుండా మనిషికి ఇవ్వాలి, మిగిల్చిన వాడికి ఆ మిగులు దక్కాలి. ఆ దారికి వచ్చేముందు ఆయన ఇంకో చోటు చుట్టొచ్చాడు.

మామ: నా వృత్తిలో నన్ను ఎక్కువగా బాధపెట్టిన పని ఒకటి చెప్తాను. ప్రాజెక్టు లెక్కల్లో రేపటి రూపాయిని ఇవాళ్టి విలువకు తగ్గించి రాస్తాం. ఏటా పన్నెండు శాతం చొప్పున తగ్గిస్తే, యాభై ఏళ్ల తర్వాతి వంద రూపాయలు ఇవాళ ముప్పై అయిదు పైసలు. 2006లో నికొలస్ స్టెర్న్ వాతావరణ నివేదికలో వాడినట్టు 1.4 శాతం చొప్పున తగ్గిస్తే అవే వంద యాభై రూపాయలు. రేటు మార్చితే చాలు, మనవళ్ల కాలం విలువ పైసల్లోంచి రూపాయల్లోకి వస్తుంది. మేం ఆనకట్టలకైనా, బోర్లకైనా పైసల రేటే వాడాం. అమెరికాలో జాన్ క్రుటిల్లా అని ఒకాయన ఉండేవాడు. కొలంబియా నది మీద ఆనకట్టల ఆర్థిక శాస్త్రం రాసిన మనిషి. ఆయనే 1967లో, ఒకసారి పోతే తిరిగి తెచ్చుకోలేని ప్రకృతిని మామూలు సరుకులా లెక్కకట్టకూడదని వాదించాడు. స్నేక్ నది మీద హెల్స్ కాన్యన్ దగ్గర ఆనకట్ట కట్టడం కంటే ఆ లోయను అలాగే ఉంచడం లాభమని లెక్కతోనే చూపించాడు. ఆ ఆనకట్ట రాలేదు, 1975లో ఆ లోయకు చట్ట రక్షణ వచ్చింది. ఎండిన రాతి పగులు కూడా అలాంటిదే. తోడినంత వేగంగా మళ్లీ నిండదు. అందుకే ధర అంటున్నాను, పన్ను వసూలు కోసం కాదు.

మేనకోడలు: అయితే నీ అంకెలో నా మనవరాలు ఉంది, నేను లేను.

మామ: నువ్వూ ఉండే ఏర్పాటు ఒకటుంది. 2010లో సౌర విద్యుత్ యూనిట్ పద్దెనిమిది రూపాయలకు దగ్గర, 17.91. 2017 మేలో రాజస్థాన్ భడ్లాలో 2.44కు వచ్చింది. నా సర్వీసులో ఏ సరుకు ధరా ఇలా పడలేదు. పగటి కరెంటు చౌకైంది, నీ మోటారు పగలే తిరుగుతుంది. ఇంతవరకూ మంచిదే. కానీ ప్యానెల్ పెట్టి వదిలేస్తే మోటారు ఎండ ఉన్నంతసేపూ తిరుగుతుంది, నీళ్లు ఇంకా త్వరగా అడుగంటుతాయి. గుజరాత్‌లో ఖేడా జిల్లా ధుండి గ్రామంలో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. సోలార్ పంపుతో కావాల్సినంత తోడుకుని, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముతున్నారు. పంజాబ్‌లో 2018లో ఇంకో ప్రయోగం మొదలైంది. కోటాలో మిగిల్చిన ప్రతి యూనిట్‌కు నాలుగు రూపాయలు రైతు ఖాతాలో వేసేలా పెట్టారు. మోటారు ఆపితే డబ్బు వస్తుంది. రెండు చోట్లా ఏముందో గమనించావా? మీటరు.

మేనకోడలు: గమనించాను. ఆ మీటరు రైతుకు డబ్బు తెచ్చే మీటరు. మా దగ్గరికి తెచ్చింది ఎటు తిరుగుతుందో చెప్పని మీటరు. నీ పరిభాషలో రెండూ ఒకే యంత్రం కావచ్చు. నేను గుమ్మంలోకి రానిచ్చేది ఒక్కదాన్నే.

మామ: అయితే కొలతకు అభ్యంతరం లేదంటావు?

మేనకోడలు: ఎప్పుడుందని? బోరులోకి తాడు దించి కొలిచిన దాన్ని నేను. ప్రతి మోటారుకూ కాకుండా ట్రాన్స్‌ఫార్మరుకు ఒకటి పెట్టండి. రీడింగు ఊరి గోడ మీద రాయండి, లైన్‌మన్ ఫోనులో దాచుకోవద్దు. ఏడాదికి ఊరికి ఇన్ని యూనిట్లని మాట ఇవ్వండి, మిగిలితే డబ్బు ఊరికే రావాలి. మిగిల్చిన దాంట్లో ఎవరికెంతో మేం చూసుకుంటాం.

మామ: ఊరి మీటరు చాలదు. కలిసి మిగల్చమంటే ఒకడు ఆపుతాడు, నలుగురు తోడతారు. మిగిల్చిన వాడికి ఆ డబ్బు నేరుగా కనబడాలి. మోటారుకే పెట్టాలి.

మేనకోడలు: మోటారుకు పెడితే మళ్లీ నా పేరున బిల్లు.

మామ: 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చదువు. రాయితీ ఇస్తామన్న ప్రభుత్వం ఆ డబ్బు డిస్కంకు ముందే చెల్లించాలి. ఆలస్యమైతే నిలదీసే చోటు ఉంది, నియంత్రణ మండలి విచారణ. డిస్కంలు ఏటా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది ఆదాయ, ఖర్చుల లెక్క దాఖలు చేస్తాయి. ఎవరైనా అభ్యంతరం రాయవచ్చు. మీ ఊరు ఎప్పుడైనా రాసిందా?

మేనకోడలు: వందల పేజీల ఇంగ్లీషు, పట్టికలు. చదివే వాళ్లెవరు? చదవగలిగిన వాళ్లు ఇన్నాళ్లూ బల్లకు అవతలి వైపు కూర్చున్నారు మామా. ఈసారి ఇవతలికి రా. మా తరఫున అభ్యంతరం నువ్వు రాయి.

మామ: రాస్తాను, ఒక షరతు. మీ ఫీడరులో ఒక పది బోర్లకు ఏడాది పాటు మీటర్లు పెట్టుకుని, రీడింగు మీరే తీసి నాకివ్వాలి. అంకె లేకుండా నేను అక్కడ నోరు విప్పను. నీటిమట్టం కూడా పక్కన రాయాలి.

మేనకోడలు: మీటర్లు మేమే కొనుక్కుంటాం, డిస్కంవి కాదు. అది నా షరతు. ఇంకొకటి ఉంది. ఆ అభ్యంతరంలో మా పది బోర్ల లెక్క కింద, అదే పట్టికలో, కాలువ కింది ఎకరాకు ప్రభుత్వం పెట్టిన పెట్టుబడి, ఎత్తిపోతల ఎకరాకు ఏటా కాలే కరెంటు కూడా ఉండాలి. పక్క పేజీలో కాదు, అనుబంధంలో కాదు.

మామ: ఆ వివరాలు సాగునీటి శాఖ దగ్గర ఉంటాయి. కరెంటు విచారణలో అవి అడిగితే పరిధి దాటుతోందని కొట్టేస్తారు.

మేనకోడలు: కొట్టేయనీ. ఎందుకు కొట్టేశారో ఉత్తర్వులో రాయాలి కదా. అదైనా రాయనీ.

మామ: సమాచార హక్కు కింద సాగునీటి శాఖకు ఈ వారమే దరఖాస్తు పెడదాం. హంద్రీ-నీవా పంపింగ్ స్టేషన్ల బిల్లులు, ఏడాది వారీగా. ముసాయిదా నేను రాస్తాను, సంతకం నువ్వు పెట్టు.